ఉయ్యాల వంతు

ఏప్రిల్ 17, 1961. సోమవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి మా కుముద ఇంకా బాలవాడి తోటలో ఉయ్యాల మీదే ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉందని బాలవాడి టీచరు ఎలిశబెతు చెప్పింది. ఊగుతోందన్నమాట. మంచిదే. ఇంట్లో వీధి తలుపు చూస్తూ కూర్చోవడం కన్నా మేలు.

మిగతా పిల్లలు జారుడుబల్ల దగ్గర జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు. కుముద జోలికి మాత్రం ఎవరూ రాలేదు. నేను రాయించిన బోర్డు పనిచేస్తోంది. "వరుసలో నిలబడవలెను. ఒకరి వంతు ఒకరు తీసుకొనరాదు." చదవడం వచ్చినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. అయినా పనిచేస్తోంది.

ఏప్రిల్ 19

పంచాయతీ సమితి ఆఫీసులో మళ్లీ అడిగాను. రెండో ఉయ్యాల గొలుసు ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగి ఏడాది దాటింది. పైకి రాశాం, రావాలి అంటారు. ఉన్న ఒక్క ఉయ్యాలకు ఊరి పిల్లలంతా. నా పేరు కింద సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజరు అని రాసుకోమన్నారు. ఆర్గనైజు చేయడానికి మూరెడు గొలుసు ఇవ్వరు.

కొడవలూరు నుంచి చెంచమ్మక్క మనిషి చేత కబురు పంపింది. బడి తెరిచేలోగా వచ్చి కుముదను తీసుకుపోతుందట. ఆడదిక్కు లేని కొంపలో ఆడపిల్ల ఎట్టా పెరుగుతుందట. ఫిబ్రవరి నుంచి ఇదే మాట. చితి ఆరకముందే మొదలుపెట్టింది.

పిల్ల నా దగ్గరే ఉంటుంది. నలుగురిలో పడితే మామూలవుతుంది. పడుతోంది కూడా. వచ్చిన మనిషికి అదే చెప్పి పంపాను.

ఏప్రిల్ 24

అమ్మ ఎప్పుడొస్తుందని కుముద అడిగింది. నెల్లూరు ఆస్పత్రిలో ఉందన్నాను. ఎప్పుడూ చెప్పేదే. ఆరేళ్లు నిండని పిల్లకు అంతకన్నా చెప్పవలసిన అవసరం లేదు. వీధిలో అందరికీ చెప్పి ఉంచాను, ఎవరూ నోరు జారవద్దని. ఎలిశబెతుకూ చెప్పాను.

"సార్, ఎన్నాళ్లని..." అని ఏదో మొదలుపెట్టింది.

"మీ పని బాలవాడి" అన్నాను.

ఏప్రిల్ 25

ఊగింది.

ఏప్రిల్ 28

ఎలిశబెతు మీద కేకలేశాను. వేయవలసిందే.

నేను అడిగింది ఒక్కటే. ఇవాళ ఎంతసేపు ఊగింది అని.

"ఊగడం లేదు సార్. కూర్చుని ఉంటుంది."

"అంటే?"

"కాళ్లు నేలకు ఆనించి, గొలుసులు పట్టుకుని కూర్చుంటుంది. నేను ఊపబోతే ఒప్పుకోదు. ఎవరినీ ముట్టనివ్వదు."

మొదటి రోజు నుంచీ ఇంతేనా అన్నాను. ఇంతే అంది. మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు, జీతం ఎందుకు తీసుకుంటున్నారు అన్నాను. ఆమె పలకలు ఒక్కొక్కటే తుడిచి దొంతర పెట్టింది. బైబిలు చదివేవాళ్ల ఓర్పు అది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

మే 2

ఇవాళ ఆఫీసు నుంచి తొందరగా బయలుదేరి, కంచె అవతల నిలబడి నేనే చూశాను.

కుముద ఉయ్యాల మీద ఉంది. ఉయ్యాల కదలడం లేదు. పిల్లలు దూరంగా, ఎవరో గిరి గీసినట్టు ఆగి, జారుడుబల్ల దగ్గరే ఆడుకుంటున్నారు. ఒక్కరూ ఆమెతో మాట్లాడరు. ఒక చిన్నపిల్ల ఆశపడి వచ్చి గొలుసు మీద చెయ్యి వేసింది. వెంటనే ఓబులేసు అనేవాడు, ఎనిమిదేళ్లుంటాయి, పరిగెత్తుకొచ్చి దాని రెక్క పట్టుకుని లాగేశాడు.

"తాకబాకమే! ఆ పిల్ల కుచ్చోనుండాదిగా!"

చిన్నది బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయింది.

అదీ సంగతి. తల్లిని పోగొట్టుకున్న పిల్ల కీడు. అది కూర్చున్న ఉయ్యాలా కీడే. క్రమశిక్షణ అనుకుని నేను మురిసిపోయింది దీన్ని చూసి. ఇన్నాళ్లూ నా బిడ్డను వెలివేసి ఉంచారు. పెద్దలు చెప్పకుండా పిల్లలకు ఈ బుద్ధులు వస్తాయా?

మే 3

ఓబులేసు ఇల్లు కాలవ గట్టు పక్కన. తండ్రి లేడు. నాయనమ్మ ఆదిశేషమ్మదే పెత్తనం. కాలవ కింద రెండెకరాల మాగాణి చేయిస్తుంది. వాకిట్లో వడ్లు ఎండబోసి కాకుల్ని తోలుతోంది.

"ఏంది సామీ, ఇంత పొద్దన్నే వచ్చినారు? కూర్చోండి."

కూర్చోవడానికి రాలేదన్నాను.

"మీ మనవడు మా పిల్లను వెలివేసినట్టు చూస్తున్నాడు. దగ్గరికి పోయినవాళ్లను కూడా లాగేస్తున్నాడు. తల్లి లేని పిల్ల అంటే మీకంత కీడా?"

ఆమె చేతిలో కర్ర గోడకు ఆనించింది.

"కీడా? ఎవురన్నారు ఆ మాట?"

"ఎవరూ అననక్కరలేదు. నాకు కళ్లున్నాయి."

"ఉండాయి లే. బీయే చదివిన కళ్లు. మా మాదిరి కళ్లా?" అంది. వెక్కిరింత అర్థం కాకపోలేదు. "ఇప్పుడు ఏం జెయ్యమంటారు?"

"అందరు పిల్లలతో ఎలా ఉంటారో మా పిల్లతోనూ అలాగే ఉండమనండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. నాలో ఏం కనబడిందో తెలియదు.

"సరే. ఆ యింటోళ్లు మీరే అన్నారు గాబట్టి సరే." లోపలికి తిరిగి కేకేసింది. "ఒరే ఓబులేసూ! ఇన్నావా? ఆ పాప నాయన నోటితోనే చెప్పినాడు. ఇంక వంతు."

"ఇన్నానవ్వా" అన్నాడు వాడు, పిడతలోని చద్దన్నం మింగుతూ.

నెగ్గుకొచ్చాను. ఊరికే ఊరుకుంటే నెత్తినెక్కుతారు ఈ ఊళ్లో.

మే 4

జువ్వలదిన్నె క్యాంపు. పట్టపువాళ్ల రాత్రిబడి. పలకలు పద్నాలుగు, మనుషులు ముగ్గురు. మిగతావాళ్లు సముద్రం మీద వేటకు పోయారు. కుముదను ఎలిశబెతు దగ్గర వదిలి వచ్చాను. చేపల వాసన బట్టల్లోంచి పోవడం లేదు.

మే 8. సోమవారం

జరిగింది జరిగినట్టే రాస్తాను.

నేను తోటలోకి వచ్చేసరికి ఓబులేసు ఉయ్యాల గొలుసు పట్టుకుని ఉన్నాడు. వెనక వరుసగా పిల్లలు. నా బోర్డు మీద రాసినట్టే, వరుసగా.

"దిగుమే. నీ వంతు ఎప్పుడో అయిపోయింది. మీ నాయనే చెప్పినాడు."

"దిగను."

"అందరూ నిలబడుండారు. దిగు."

"మా అమ్మ వచ్చి ఊపుతుంది. వచ్చేదాకా ఇక్కడే కూర్చోమంది."

ఈ మాట నాకు తెలియదు. ఆ రోజు దాని తల్లిని నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోవడానికి జీపు ఎక్కించేటప్పుడు పిల్ల తోటలో ఉంది. జీపు తోట పక్కగా ఆపించమంది ఆమె. పిల్లతో ఏదో చెప్పింది. నేను ముందు సీట్లో ఉన్నాను. తొందరపెట్టాను.

ఓబులేసు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"మీ యమ్మ రాదుమే. చచ్చిపోయింది గదా మీ యమ్మ."

కుముద వాడిని చూడలేదు. నన్ను చూసింది. "నాన్నా, వీడు అబద్ధాలు చెప్తున్నాడు."

కొట్టాను. చెంప మీద. వాడు జారుడుబల్లకు తగిలి కింద పడ్డాడు. పిల్లలు చెల్లాచెదరయ్యారు. ఆ గందరగోళంలో కుముద కూడా ఉయ్యాల మీంచి పడింది. గడ్డం చీరుకుంది.

ఆఫీసు నుంచి నిచ్చెన తెప్పించి కొక్కేలు ఊడదీశాను. గొలుసులూ పీటా ఇంటికి పట్టుకొచ్చాను. నేను పెట్టించిన ఉయ్యాల. నేనే తీశాను. ఎవడు అడుగుతాడో చూస్తాను.

అబద్ధం చెప్పినందుకు కొట్టాను.

మే 9

కుముద మాట్లాడలేదు. గడ్డానికి టింక్చరు వేస్తే ఏడవను కూడా లేదు.

మే 10

మాట్లాడలేదు.

మే 12

ఆదిశేషమ్మ వచ్చింది. వస్తుందని తెలుసు. వీధిలో నిలబడి పిలిచింది. లోపలికి రమ్మన్నా రాలేదు. చుట్టుపక్కల గుమ్మాల్లోకి అందరూ వచ్చారు. అందుకే లోపలికి రాలేదని తర్వాత అర్థమైంది.

"ఏం కామాక్షయ్యా, బాగుండావా?" మీరు పోయింది, నువ్వు వచ్చింది. "ఉయ్యాల ఎత్తకచ్చి ఇంట్లో పెట్టుకున్నావంట. ఎవురూగతా ఉండారు? నువ్వా?"

ఎవరో నవ్వారు.

"మీ మనవడు పసిపిల్లతో ఏమన్నాడో తెలుసా?" అన్నాను.

"తెలుసు. దాచకుండా చెప్పినాడు. నా మనవడు అబద్ధమాడినాడా? నా మొకం జూసి చెప్పు. అబద్ధమయితే వాడి రెండో చెంప కూడా నేనే వాయగొడతా."

నేను వెనక్కి తిరిగి చూశాను. కుముద లోపల ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

అప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గించింది. తగ్గించిందే గాని పదును పోలేదు.

"కీడని దూరం పెట్టినారన్నావు. ఆ రోజే నీ మొకాన చెప్పేదాన్ని, రోషమొచ్చి చెప్పలా. మా కాలవ కింద చావు జరిగిన యింటోళ్ల వరి కయ్యకు ఎవురూ మడవ కట్టి నీళ్లు ఆపరు సామీ. వాళ్ల వంతు దాటిపోయినా సరే, నీళ్లు పారతానే ఉంటాయి. పక్క కయ్య నెర్రెలిచ్చినా నోరెత్తరు. ఆ యింటోళ్లే లేచొచ్చి, వాళ్ల చేత్తో నాలుగు పారల మట్టేసి మడవ కట్టుకోవాల. అప్పుడు మళ్లా వంతులోకి వచ్చినట్టు. పిలకాయలకు ఇది ఎవురూ నేర్పలా. గట్ల మీద పుట్టినోళ్లు, చూసినారు, చేసినారు. ఫిబ్రవరి నించి ఒక్కడన్నా నీ కూతుర్ని దిగమన్నాడా? ఆ చిన్నది తెలీక చెయ్యేస్తే వీడు ఎందుకు లాగినాడు?"

ఆమె కాలవ వైపు చెయ్యి చూపించింది.

"పోయినేడు ఎడగారు పంటప్పుడు నా కొడుకు పోయినాడు. అందరి కయ్యలూ ఎండతా ఉంటే మా కయ్యకే నీళ్లు. లేచి మడవ కట్టే దిక్కు లేదు. కట్టింది ఎవురు? నువ్వు కొట్టినావే, వాడు. పార ఎత్తలేక చేతుల్తో తోడేసినాడు మట్టి." ఆమె కొంగు దులుపుకుంది. "ఇంక ఆ పాపకు వంతని నువ్వే వచ్చి చెప్తివి. మీ యిల్లు మడవ కట్టిందనుకున్న్యాం. నువ్వు బిడ్డకే చెప్పలేదని మాకేం దెలుసు?"

వెళ్లిపోయింది. ఉయ్యాల ఇమ్మని అడగలేదు.

మే 13

నిద్ర లేదు. కోపం తగ్గలేదు.

నా ఇంటి దుఃఖానికి ఊరిని నీళ్లు విడవమని ఎవరు అడిగారు? మూడు నెలలుగా ఈ ఊరి పిల్లలు, ముక్కు తుడుచుకోవడం రానివాళ్లు, నా మీద దయ చూపిస్తున్నారా? నేను బోర్డు రాయించి, నియమం నేర్పిస్తున్నాననుకుంటూ వాళ్ల ముందు తిరిగానా? ఎలిశబెతుకూ ఇది తెలుసట. చెప్పబోతే మీరు విననివ్వలేదు సార్ అంది. విననివ్వలేదు నిజమే. అయినా చెప్పవలసింది.

పోయిన మనిషి మీద కూడా కోపంగా ఉంది. ప్రమీల మీద. "నేనొచ్చేదాకా కూర్చో" అని ఎందుకు చెప్పాలి? రానని తెలుసు. డాక్టరు ఇద్దరికీ కలిపే చెప్పాడు. చెప్పి, కళ్లు మూసుకుని, మిగతాది నాకు వదిలేసింది.

రాసింది కొట్టెయ్యను.

మే 19

కుముద రోజూ తోటకు వెళుతోంది. ఉయ్యాల లేదు. రెండు స్తంభాల మధ్య, పీట ఉండే చోట, నేల మీద కూర్చుంటోంది. పిల్లలు రావడం మానేశారు. తోట ఖాళీ.

మే 27

సమితి ప్రెసిడెంటు అడిగాడు, ఉయ్యాల ఏమైందని. మరమ్మతు అన్నాను. నా నోటికి అబద్ధం ఎంత అలవాటైందో.

జూన్ 2. శుక్రవారం

అక్క మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. చేతిలో ఖాళీ ట్రంకుపెట్టె. కుముద బట్టలు పెట్టడానికట.

వచ్చీ రాగానే పిల్లను పిలిచింది. కుముద వచ్చి నిలబడింది. పలకరిస్తే తల ఊపింది. సాయంత్రం దాకా అంతే. రాత్రి అన్నాల దగ్గర అక్క కంచం ముందుకు తోసింది.

"ఒరే కామాక్షీ, ఇదేనట్రా నలుగురిలో పడటం? నేల మీద కుచ్చుని మట్టి చూస్తా ఉంది పిల్ల. వీధంతా చెప్పినారు నాకు. నువ్వు ఒక బిడ్డను కొట్టినావంట గదా."

"నా ఇంటి సంగతి నేను చూసుకుంటాను."

"చూసుకున్నావులే! దానికి తల్లి పోయిందనే చెప్పలా నువ్వు. రేపు పొద్దుగూకేదాకా ఆగతా. నువ్వు చెప్తివా, సరి. లేదా నేనే చెప్తా. చెప్పి, ఎల్లుండి బస్సుకు తీసకపోతా. చెప్పినోళ్ల ఒళ్లోనే పడి ఏడవాల బిడ్డ. అది తెలుసుకో."

అంత కఠినంగా మాట్లాడే హక్కు ఆమెకు ఎవరిచ్చారని అరిచాను. కంచం దగ్గర నుంచి లేచిపోయాను.

చెప్పినవాళ్ల ఒళ్లో.

జూన్ 3. శనివారం

పొద్దున గొలుసులకు కిరసనాయిలు పోసి తుప్పు తుడిచాను. నిచ్చెన వేసి నేనే తగిలించాను. ఉయ్యాల చప్పుడు విని పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. కంచె దగ్గర ఆగిపోయారు. ఓబులేసు అందరికన్నా వెనక. నేను కొక్కెం బిగిస్తుంటే నా చేతినే చూస్తున్నాడు.

కుముద వచ్చి కూర్చుంది. కాళ్లు నేలకు ఆనించి, గొలుసులు పట్టుకుని.

నేను ఓబులేసును పిలిచాను. "రా. వంతు వేసుకోండి."

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను దించను. దించితే మళ్లా కొడతావు."

"కొట్టను."

"అయినా దించను. మీ యింటి పిల్ల గదా, నువ్వే దించుకో."

వాడి మీద కోపం రావలసింది. వచ్చింది కూడా. కాని వాడు చెప్పింది నిజం. మా ఇంట్లో మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఉయ్యాల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. మాటలు ముందే కూడబలుక్కున్నాను, స్వర్గం, దేవుడు, చుక్కలు. ఒక్కటీ నోటికి రాలేదు.

"కుముదా, అమ్మ చచ్చిపోయింది."

"నెల్లూర్లో ఉందన్నావే."

"లేదు."

"ఓబులేసు చెప్పింది నిజమేనా?"

"నిజమే."

"మరి వాణ్ణెందుకు కొట్టావు?"

గొలుసు మీంచి దాని వేళ్లు ఊడదీశాను. ఒక్కొక్క వేలు. ఎంత బలం ఆ చేతుల్లో. కాలితో గుండె మీద తన్నింది. మణికట్టు కొరికింది. అయినా నేను వదల్లేదు. ఎత్తుకుని లేచాను. అప్పుడు ఏడ్చింది. ఫిబ్రవరి నుంచి దాచుకున్నదంతా. "అమ్మ కూర్చోమంది" అని అదే మాట. "అమ్మ కూర్చోమంది." నా చొక్కా తడిసింది. అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

ఓబులేసు దగ్గరికి వెళ్లి, తప్పయిందిరా అన్నాను. వాడికి ఏం చెయ్యాలో తెలియక నిక్కరు పైకి లాక్కున్నాడు. ఆ రోజు తను లాగేసిన చిన్నపిల్లను ముందుకు తోశాడు. "ఎక్కుమే. నీదే మొదటి వంతు."

ఉయ్యాల ఊగింది.

అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

జూన్ 4

రాత్రంతా కుముద ఏడుస్తూ, నిద్రపోతూ, లేచి మళ్లీ ఏడుస్తూ ఉంది. అక్క ఎత్తుకోబోతే నా చొక్కా వదల్లేదు. నాతో మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

అక్క ఖాళీ పెట్టెతోనే బస్సెక్కింది. ఎక్కేముందు అంది, "ఉండనీలే. నీ మీద కోపమొచ్చింది దానికి. కోపమొచ్చిందంటే మనిషవుతుంది." పెట్టెను బస్సు మీదికి ఎక్కించేవాడితో, తేలిగ్గా ఉందే అని వాడంటే, నీకెందుకురా అని పోట్లాడింది.

జూన్ 7. బుధవారం

నాతో ఇంకా మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది. జడ వేయించుకుంటుంది. నా జడ వంకరగా వస్తుంది. అద్దంలో చూసి, విప్పేసుకుని, ఎలిశబెతు దగ్గరికి పోతుంది. నాకు కోపం వస్తుంది. అయినా రేపు మళ్లీ నేనే వేస్తాను.

సాయంత్రం తోటలో పెద్ద గలాటా. ఇంటిదాకా కేకలు. ఎలిశబెతు పరిగెత్తుకొచ్చింది.

"సార్, కుముదా ఓబులేసూ కొట్టుకుంటున్నారు. మీరు వచ్చి..."

చెప్పుల్లో కాళ్లు పెట్టాను. మళ్లీ తీసేశాను. "కొట్టుకోనీయండి" అన్నాను.

కాసేపటికి కుముద వచ్చింది. గౌను భుజం దగ్గర చిరిగింది. జుట్టు మొహం మీద. రొప్పుతోంది. గుమ్మంలో నిలబడి నాలుగు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"నాన్నా, వాడు నా వంతు తీసుకున్నాడు. వచ్చి చెప్పు."

"నువ్వే చెప్పుకో."

నన్ను కొరకొరా చూసింది. తలుపు దభాలున వేసి, మళ్లీ తోటలోకి పరిగెత్తింది. "ఒరే, నా వంతురా!" అని అరుచుకుంటూ.